కుటుంబంతో భద్రంగా వేటాడటానికి టెక్సస్‌లో ఎన్ని ఎకరాలు కావాలి?

గుండ్లకమ్మ (చర్చ మొదలుపెట్టినవారు):

సభ్యులందరికీ నమస్కారం. మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాము. మూడు సీజన్లుగా నేను ఒక మిత్రుడి రాంచ్‌కు జింకల వేటకు వెళ్తూ వచ్చాను. ఆయన నిరుడు ఆ భూమిని అమ్మివేశారు. ఏటా కొత్త చోటు వెతుక్కోవడం కంటే మాకంటూ కొంత భూమి ఉంటే బాగుంటుందని ఇంట్లో అందరం అనుకున్నాము. మా దంపతులం, పద్నాలుగేళ్ళ అబ్బాయి, పదకొండేళ్ళ అమ్మాయి, మా బావమరిది, ఆయన భార్య కలిసి ఆరుగురం. అందులో నలుగురికి వేట మీద ఆసక్తి ఉంది.

కమాంచీ కౌంటీలో 34 ఎకరాల చెక్క ఒకటి చూశాము. ఉత్తర దక్షిణాలుగా సాగిన పొడవాటి స్థలం. పొడవు సుమారు 2,690 అడుగులు, వెడల్పు 550 అడుగులు. దక్షిణపు కొసన కౌంటీ రోడ్డు, గేటు ఉన్నాయి. ఉత్తరపు కొసన ఒక మట్టిగుట్ట హద్దు లోపలే ఉంది. తూర్పు హద్దుకు 400 అడుగుల అవతల పొరుగువారి ఇల్లు ఉంది. పడమట పశువులు మేసే బీడు. మధ్యలో ఎండిన వాగు, దాని వెంట ఓక్ చెట్లు ఉన్నాయి. వాగు ఇసుకలో జింకల అడుగులు స్పష్టంగా కనిపించాయి.

పది ఎకరాలు దాటితే టెక్సస్‌లో నిశ్చింతగా కాల్చుకోవచ్చని ఏజెంటు చెప్పారు. ప్రకాశం జిల్లాలో మా నాన్నగారి భూమి మొత్తం ఆరెకరాలు కనుక, 34 ఎకరాలనగానే నాకూ చాలా పెద్ద స్థలంగానే తోచింది. అయితే అక్కడ గంటసేపు తిరిగాక, తూర్పు వైపు ఇంటి ముందు ఆరేసిన బట్టలు చెట్ల సందుల్లోంచి కనిపించేసరికి నా మనసు ఒప్పుకోలేదు. పిల్లలతో కలిసి భద్రంగా వేటాడాలంటే నిజంగా ఎంత భూమి ఉండాలి? ఆ లెక్క ఎలా వేయాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మంజీర_తీరం:

గుండ్లకమ్మ గారూ, ఆ బట్టలు చూసి మీ మనసు వెనకాడటం మంచిదైంది. ముందు తూటా ఎంత దూరం పోతుందో చూద్దాం. జింకల వేటకు ఎక్కువమంది వాడే .30-06 రైఫిల్ తూటా, గొట్టం కొంచెం పైకెత్తి ఉన్నప్పుడు వెలువడితే, దాదాపు మూడు మైళ్ళు పోగలదు. మూడు మైళ్ళ వ్యాసార్ధంతో వృత్తం గీస్తే అది 28 చదరపు మైళ్ళు, అంటే 18,000 ఎకరాలు అవుతుంది. పిల్లలకు మొదట చేతికిచ్చే .22 తూటా కూడా మైలు దాటి పోతుంది. మనలాంటివారు కొనగలిగే ఏ స్థలమూ తన వైశాల్యంతో తూటాను ఆపలేదు కనుక, దాన్ని ఆపే మట్టి ఎక్కడ ఉంది, ఆ మట్టికి ఎదురుగా ఎక్కడ కూర్చోవచ్చు అన్నవే మొదట అడగవలసిన ప్రశ్నలు. ఎకరాల లెక్క వాటి తరువాత వస్తుంది.

ఇక్కడివారు బ్లైండ్ అనే దాన్ని నేను మంచె అనే అంటాను. జొన్నచేలో పిట్టలు తోలడానికి మా తాతగారు వేసిన మంచె మీదే నా చిన్నతనం గడిచింది కనుక నాకు మరో మాట నోటికి రాదు. భద్రత విషయంలో మంచె ఎత్తు ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చెబుతాను. నేల చదునుగా ఉందనీ, ఈ కొద్ది దూరంలో తూటా తిన్నగా పోతుందనీ అనుకుందాం. మంచె మీద గొట్టం నేల నుంచి 15 అడుగుల ఎత్తున, జింక గుండె 3 అడుగుల ఎత్తున, వాటి మధ్య దూరం 75 గజాలు ఉన్నప్పుడు, ఆ 225 అడుగుల్లో తూటా 12 అడుగులు దిగుతుంది. మిగిలిన 3 అడుగులు దిగడానికి దానికి మరో 56 అడుగులు చాలు. అంటే జింకను దాటిన తూటా, లేదా గురి తప్పిన తూటా, జింక వెనక 19 గజాల లోపే నేలలో దిగిపోతుంది. అదే జింకను నేల మీద కుర్చీలో కూర్చుని 4 అడుగుల ఎత్తు నుంచి కాలిస్తే, తూటా నేలను తాకడానికి మరో 675 అడుగులు, అంటే 225 గజాలు కావాలి. మీ స్థలం వెడల్పే 183 గజాలు. తూర్పు ముఖంగా నేల మీద నుంచి కాల్చిన ప్రతి తూటా ఆ ఇంటి వైపు పోతుంది.

మాకు 112 ఎకరాలు ఉన్నాయి. దాదాపు చదరం, ఒక్కో భుజం 730 గజాల పైచిలుకు. అంత స్థలంలోనూ మూడు మంచెలకు మించి వేయలేకపోయాము. ఏ రెండు మంచెలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండవు. నాలుగో మంచె వేద్దామని మా తమ్ముడు రెండేళ్ళు పట్టుబట్టాడు, కానీ దాని వెనక రాతినేల ఉండటంతో నేను ఒప్పుకోలేదు. తూటా రాయిని తాకితే ఎటు ఎగిరిపోతుందో ఎవరూ చెప్పలేరు.

కృష్ణాతీరం:

ఏజెంటు చెప్పిన పది ఎకరాల మాటకు మూలం చట్టంలో ఉంది, కాని దాని అర్థం వేరు. నగరాల పరిధిలో చేరని సబ్‌డివిజన్లలో, అంటే ప్లాట్లుగా విభజించి అమ్మిన లేఅవుట్లలో, 10 ఎకరాలు లేదా అంతకంటే చిన్న ప్లాట్ల మీద తుపాకి కాల్చడాన్ని నిషేధించే అధికారం టెక్సస్ చట్టం కౌంటీలకు ఇచ్చింది. నగరాలకు వర్తించే నియమం ఇంకొకటి. తమ హద్దుల ఆవలి పరిధిలోనూ, 1981 సెప్టెంబరు 1 తర్వాత కలుపుకున్న ప్రాంతాల్లోనూ, 10 ఎకరాలకు తగ్గని స్థలంలో, పక్క స్థలంలోని నివాసానికి 150 అడుగులకు మించిన దూరంలో షాట్‌గన్ గానీ విల్లు గానీ వాడితే నగరం అడ్డుకోలేదు. రైఫిల్‌కు వచ్చేసరికి ఆ పరిమితి 50 ఎకరాలు, 300 అడుగులు అయింది. ఈ రెండు సందర్భాల్లోనూ తూటా ఆ స్థలం హద్దు దాటే అవకాశం ఉండకూడదన్న షరతు ఉంది. ఇవన్నీ నగరానికీ కౌంటీకీ ఉన్న అధికారాన్ని కొలిచే అంకెలు. మీ అబ్బాయి భద్రతను కొలవడానికి పెట్టినవి కావు.

మీరు గుర్తుంచుకోవలసిన నియమం టెక్సస్ వేట చట్టాల సంపుటి అయిన పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ కోడ్‌లో ఉంది. వేటలో మీరు తెలిసి తుపాకి కాల్చి, ఆ తూటా ఆస్తి హద్దు దాటితే అది నేరం. తూటా దాటాలని మీరు ఉద్దేశించారా లేదా అన్న ప్రశ్న అక్కడ రాదు. హద్దుకు రెండు వైపులా భూమి మీదే అయినా, పొరుగువారు రాతపూర్వకంగా ఒప్పుకున్నా మినహాయింపు ఉంటుంది. నోటిమాట ఒప్పందం చెల్లదు. దీనితోపాటు కౌంటీ క్లర్కు కార్యాలయంలో ఆ భూమి దస్తావేజు షరతులు చదివించండి. పెద్ద రాంచ్‌లను కోసి అమ్మిన చెక్కల్లో తుపాకులు కాల్చరాదనే షరతు ఉండటం అరుదేమీ కాదు.

నల్లమల_గాలి:

పెద్దలు చెప్పినదాన్ని కాదనను గాని, చిన్న స్థలం పనికిరాదన్న అభిప్రాయం స్థిరపడకముందే నా అనుభవం చెప్పాలి. హెండర్సన్ కౌంటీలో మాకు ఉన్నది 18 ఎకరాలే. ఎనిమిదేళ్ళుగా అక్కడ విల్లుతో మాత్రమే వేటాడుతున్నాము. చెట్టు మీది మంచె నుంచి 25 గజాల లోపు ఉన్న జింక మీదికే బాణం వేస్తాము. గురి తప్పినా అది అక్కడే నేలలో గుచ్చుకుంటుంది. పక్కింటివారికి మేము ఉన్న సంగతే తెలియదు. మీరు ఉండే కాలిన్ కౌంటీలోనూ, డాలస్, రాక్‌వాల్, గ్రేసన్ కౌంటీల్లోనూ జింకను విల్లుతో తప్ప వేటాడకూడదన్న నియమం ఉంది. అక్కడ ఇళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే దాని అవసరం అర్థమవుతుంది. ఆ 34 ఎకరాలను విల్లుకు మాత్రమే కొంటే అది మంచి స్థలమే అని నా అభిప్రాయం.

అయితే విల్లుతో వేటాడేవారికి ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. చెట్టు మీది మంచె నుంచి పడిపోయి గాయపడేవారు చాలామంది. ఒంటికి పూర్తిగా పట్టే హార్నెస్ కట్టుకోకుండా, నేల మీద నుంచి మొదటి మెట్టు ఎక్కినప్పుడే తాడుకు తగిలించుకోకుండా మా ఇంట్లో ఎవరినీ చెట్టు ఎక్కనివ్వను.

పెన్నా_వాసి:

నల్లమల_గాలి గారి మాట సబబే. దానికి ఒక షరతు చేర్చాలి. సరిగ్గా తగిలిన జింక కూడా పడిపోయేముందు వంద గజాలు పరుగెత్తడం మామూలు, బాణం తగిలినది ఇంకా ఎక్కువ దూరం పోవచ్చు. టెక్సస్‌లో గాయపడిన జంతువును వెంబడిస్తూ హద్దు దాటడానికి పొరుగు యజమాని అనుమతి ఉండి తీరాలి. 183 గజాల వెడల్పున్న చెక్క నట్టనడుమ కొట్టిన జింక కూడా 92 గజాలు పరుగెడితే కంచె అవతల ఉంటుంది. చీకటి పడ్డాక పిల్లలు మీ వెంట ఉండగా, కంచె అవతల ప్రాణం పోతున్న జంతువును చూస్తూ పొరుగువారి ఫోను కోసం ఎదురుచూడటం ఎంత బాధాకరమో నేను అనుభవించాను. అందుకే వైశాల్యం ఎంత అని అడిగేవారికి నేను ముందు ఆకారం చెప్పమంటాను. 34 ఎకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు 400 గజాల పైన వచ్చేది. మీ చెక్కలో పొడవు ఎంత ఉన్నా వెడల్పు చాలదు.

ఇక గాలి సంగతి. ఈ ప్రాంతంలో వేట కాలంలో ఎక్కువ రోజులు దక్షిణపు గాలి వీస్తుంది. చలిగాలులు దిగినప్పుడు మాత్రం ఉత్తరం నుంచి వీస్తుంది. మీ స్థలంలో తూటాను ఆపే గుట్ట ఉత్తరాన ఉంది కాబట్టి మీరు దానికి దక్షిణంగా కూర్చుని ఉత్తరం వైపు కాల్చాలి. దక్షిణపు గాలి రోజున మీ వాసన నేరుగా జింకల వైపు పోతుంది, ఒక్కటీ దగ్గరికి రాదు. చలిగాలి దిగిన రోజుల్లోనే ఆ మంచె పనికొస్తుంది. తక్కిన రోజుల్లో ఏమవుతుందో నాకు తెలుసు. రెండున్నర గంటలు కారు నడిపి వచ్చిన మనిషికి ఖాళీ చేతులతో వెళ్ళబుద్ధి కాదు. కుర్చీ తీసుకుని గుట్ట దగ్గరికి వెళ్ళి దక్షిణ ముఖంగా, రోడ్డు వైపు తిరిగి కూర్చుంటాడు. చిన్న స్థలంలో భద్రమైన దిక్కు ఒక్కటే ఉన్నప్పుడు, గాలి మనిషిని తప్పుడు దిక్కుకు తోస్తుంది. కనీసం రెండు గాలులకు రెండు భద్రమైన దిక్కులు ఉన్న భూమినే కొనమని నా సలహా.

గుండ్లకమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. గాలి గురించి నాకు అసలు తట్టలేదు. మా మిత్రుడి రాంచ్ చాలా పెద్దది కావడంతో ఏ రోజు ఎక్కడ కూర్చోవాలో ఆయనే చెప్పేవారు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. సెప్టెంబరులో గువ్వల వేటకు షాట్‌గన్ వాడితే ఈ 34 ఎకరాలు చాలుతాయా? మా బావమరిది హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు. మా నాన్నగారు శీతాకాలంలో సందర్శకుల వీసా మీద వస్తారు. వారు తుపాకి పట్టుకోవచ్చా?

తుంగభద్ర_ఒడ్డు:

గువ్వలకు వాడే చిన్న గుళ్ళు 200 నుంచి 250 గజాల దాకా పోతాయి. మీ వెడల్పులో నడిమధ్యన నిలబడినా తూర్పుకూ పడమటికీ అవి హద్దు దాటుతాయి. చివరికి పడేటప్పుడు వాటికి అంత బలం ఉండదు గాని, కృష్ణాతీరం గారు చెప్పిన నియమంలో తూటాకూ చిన్న గుళ్ళకూ తేడా ఉండదు. పైగా పడమటి బీడులో పశువులు ఉన్నాయన్నారు. ఆ బీడు యజమాని నుంచి సంతకంతో అనుమతి తీసుకుంటే, ఉత్తర దక్షిణాల పొడవు వెంట కాల్చుకోవచ్చు.

వంశధార:

వీసా విషయాన్ని దయచేసి తేలికగా తీసుకోకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవారు తుపాకి గానీ మందుగుండు గానీ కలిగి ఉండటం సాధారణంగా నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. హెచ్1బీ, సందర్శకుల వీసా ఉన్నవారికి వర్తిస్తుంది. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది.

ఇక్కడ మనవాళ్ళు జారిపడే చోటు ఒకటి ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమి మీద యజమాని అనుమతితో అడవిపందులను వేటాడటానికి లైసెన్సు అవసరం లేదు. అది విని, పందుల వేటకే కదా అని లైసెన్సు లేకుండా తుపాకి పట్టుకున్న హెచ్1బీ వ్యక్తి, రాష్ట్ర చట్టం దృష్టిలో తప్పు చేయకపోయినా ఫెడరల్ చట్టం కింద దోషి అవుతాడు. టెక్సస్ వార్షిక వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. మీరు అడిగిన గువ్వల సీజను సెప్టెంబరు మొదట్లోనే మొదలవుతుంది కనుక కొత్త లైసెన్సు చేతికి రాకముందు మీ బావమరిది తుపాకిని తాకకూడదు, మీ ఇంట్లోని తుపాకి బీరువా తాళం ఆయన దగ్గర ఉండకూడదు. భూమి కొనేముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి కలవండి. ఒక్క పొరపాటు ఆయన గ్రీన్‌కార్డు దరఖాస్తు మొత్తాన్ని దెబ్బతీయగలదు.

నాన్నగారి విషయంలోనూ అదే నియమం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట సాధారణంగా నేరం. ఆ తరంవారికి ఇక్కడ ఇది చట్టబద్ధమంటేనే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆయన తుపాకి పట్టకుండా మంచె మీద మీ పక్కన కూర్చుని చూడటమే అన్నిటికన్నా సులువు.

ఏటిగట్టు:

ఈ చర్చను మొదటినుంచీ చదువుతున్నాను. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను, మీ అబ్బాయి వయసు చూసిన తరువాత రాయకుండా ఉండలేకపోయాను. మాకు అప్పట్లో 40 ఎకరాలు ఉండేవి. చక్కటి చదరం, ఒక్కో వైపు 440 గజాలు. ఆ స్థలం చాలా పెద్దదని నాకు నమ్మకం. డిసెంబరులో ఒక సాయంత్రం, వెలుగు తగ్గుతున్న వేళ, మిట్ట మీద ఒక పెద్ద పంది కనబడింది. దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. పదమూడేళ్ళ మా వాడు పక్కనే ఉన్నాడు. వాడి ముందు గురి చూపించాలన్న తొందరలో కాల్చాను. పంది వెళ్ళిపోయింది. మిట్ట ఎక్కి చూస్తే, అవతలి పల్లంలో అర మైలు దూరాన కౌంటీ రోడ్డు మీద బండ్ల దీపాలు వరుసగా కదులుతున్నాయి. ఆ రోడ్డు అక్కడ ఉందని నాకు పటంలో తెలుసు, కాని మంచె మీద కూర్చున్నప్పుడు అది కనబడదు కాబట్టి మనసులో లేదు. ఎవరికీ ఏమీ కాలేదని మర్నాడు చుట్టుపక్కల వాకబు చేసి తెలుసుకున్నాను. ఆ తూటా ఎక్కడ పడిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. మావాడు ఆ రాత్రి కారులో, 'నాన్నా, ఆ దీపాలు మనకు ముందు ఎందుకు కనబడలేదు?' అని అడిగాడు. వాడికి నేను ఏమీ చెప్పలేకపోయాను.

40 ఎకరాలు ఆ రోజు తక్కువయ్యాయని నేను అనను. నాలుగు వందల ఎకరాలున్నా మిట్ట మీది జంతువును కాల్చి ఉంటే అంతే జరిగేది. గుండ్లకమ్మ గారూ, భూమి కొనేముందు ప్రతి మిట్టా ఎక్కి అవతల ఏముందో మీ పిల్లలకు చూపించండి.

మంజీర_తీరం:

ఏటిగట్టు గారూ, ఇది రాసినందుకు మీకు నమస్కరిస్తున్నాను.

మా మంచెల్లో మేము చేసుకున్న ఏర్పాటు ఒకటి చెబుతాను. తుపాకి ఆనించే కిటికీ అంచుకు కుడి ఎడమల రెండు చెక్క దిమ్మెలు మేకులతో కొట్టాము. గొట్టాన్ని ఆ దిమ్మెలు దాటి తిప్పడం సాధ్యం కాదు. దిమ్మెల మధ్య కనిపించే మేరలో మట్టికట్ట గానీ దిగువకు వాలిన నేల గానీ తప్ప ఏమీ ఉండదు. దిమ్మె అవతల ఎంత గొప్ప జింక వచ్చినా అది మాది కాదు. గేటు దగ్గర ఒక పలక వేలాడుతుంది. ఎవరు ఏ మంచె మీద ఉన్నారో దాని మీద రాయకుండా ఎవరూ లోపలికి నడవరు. రేడియోలో చెప్పకుండా ఎవరూ మంచె దిగరు. నారింజ రంగు చొక్కా ప్రైవేటు భూమి మీద తప్పనిసరి కాదు. ప్రభుత్వ వేట భూముల్లో మాత్రం పగటిపూట 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144 కనబడేలా ఉండాలి. మేము మా భూమి మీదా ఆ లెక్కే పాటిస్తాము.

మీ నలుగురికి ఎంత కావాలని సూటిగా అడిగితే, నా అంచనా ఇది. ఒకసారికి ఒకే తుపాకి, ఒకే మంచె, పిల్లలిద్దరూ వంతులవారీగా పెద్దవారి పక్కన కూర్చునేటట్లయితే, మంచి మట్టికట్ట ఉన్న 50 ఎకరాల చదరం సరిపోతుంది. రెండు మంచెల మీద ఇద్దరు ఒకే పూట కూర్చోవాలంటే వంద దాటాలి. నలుగురూ నాలుగు చోట్ల కూర్చోవాలన్న కోరిక ఉంటే, ఆ భూమి మన ఉద్యోగాలతో కొనగలిగేది కాదు.

తుంగభద్ర_ఒడ్డు:

కొనకుండానే మొదలుపెట్టే దారి కూడా ఆలోచించండి. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఏడాదికోసారి ఇచ్చే ప్రభుత్వ వేట పర్మిటుతో సుమారు పది లక్షల ఎకరాల భూమి అందుబాటులోకి వస్తుంది. పిల్లలకైతే టెక్సస్ యూత్ హంటింగ్ ప్రోగ్రామ్ 1996 నుంచి నడుస్తోంది. తొమ్మిది నుంచి పదిహేడేళ్ళ వయసువారిని, శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తల తోడుతో ప్రైవేటు రాంచ్‌లకు తీసుకువెళ్తారు. మీ ఇద్దరు పిల్లలూ అర్హులే. ముందుగా వారికి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయించండి. మీరు 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారైతే అది మీకూ తప్పనిసరి. కంప్యూటర్ ముందు కూర్చుని పూర్తిచేసే కోర్సు కంటే, బయట నేల మీద నడిపించి, ఏ కోణంలో కాల్చవచ్చో కాల్చకూడదో చూపించే ఫీల్డ్ డే ఉన్న తరగతి పిల్లలకు ఎంతో మేలు చేస్తుంది.

గుండ్లకమ్మ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఈ మధ్య మేము మళ్ళీ కమాంచీ వెళ్ళాము. ఈసారి తాడు, దిక్సూచి, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ తీసుకువెళ్ళి, మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద గీసుకున్నాము. గుట్టకు దక్షిణంగా 100 గజాల దూరంలో ఒక మంచె వేస్తే, గుట్టనే గురిగా పెట్టుకుని భద్రంగా కాల్చగలిగే కోణం తేలింది. ఆ కోణం తప్ప స్థలమంతటా మరొక భద్రమైన దిక్కు దొరకలేదు.

తూర్పు ఇంటివారిని కూడా కలిశాము. వృద్ధ దంపతులు. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. శని ఆదివారాల్లో మనవలు వస్తారనీ, వాగు కంచె కింది నుంచి వారి వైపుకు కూడా పారుతుంది కాబట్టి పిల్లలు ఆ ఇసుకలో ఆడుకుంటారనీ చెప్పారు. వేటకు మేము రాగలిగేదీ శని ఆదివారాల్లోనే. కారెక్కాక మా అమ్మాయి, 'మనం కూర్చునే రోజునే వాళ్ళు ఆడుకుంటారు కదా' అన్నది. ఆ సాయంత్రమే ఏజెంటుకు ఫోను చేసి వద్దని చెప్పాము. విల్లుకు మాత్రమే కొనమన్న నల్లమల_గాలి గారి సూచనను కూడా ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నాము. మా అబ్బాయి రైఫిల్ నేర్చుకోవాలని పట్టుదలగా ఉన్నాడు. స్థలం చేతిలో ఉంటే ఏదో ఒక రోజు నేనే మెత్తబడతానేమోనన్న భయంతో అదీ వద్దనుకున్నాము.

ఇప్పుడు బ్రౌన్ కౌంటీలో 96 ఎకరాలు చూస్తున్నాము. దాదాపు చదరం, ఒక్కో భుజం 680 గజాలు. ఉత్తరాన ఒక గుట్ట, తూర్పున పొడవాటి మట్టికట్ట ఉన్నాయి. దక్షిణపు గాలికి ఆ తూర్పు కట్ట పనికొస్తుందా, పెన్నా_వాసి గారూ?

పెన్నా_వాసి:

పనికొస్తుంది. కట్టకు పడమటగా కూర్చుని తూర్పు ముఖంగా చూస్తే దక్షిణపు గాలి మీ కుడి నుంచి ఎడమకు అడ్డంగా పోతుంది. జింకలు దక్షిణం నుంచి వచ్చే దారి ఉంటే మీ వాసన వాటికి తగలదు. ఏ దారిన వస్తున్నాయో నెల రోజుల పాటు కెమెరాలు పెట్టి చూసుకోండి. ఆ కట్ట అవతల ఎవరున్నారో మాత్రం కట్ట ఎక్కి చూడండి, పటం చూసి ఊరుకోవద్దు. దక్షిణంలో ఇల్లు ఉందా, పొరుగువారి మంచె మీ కంచె వైపు తిరిగి ఉందా అన్నవి కూడా చూడాలి. మీ తూటాల గురించి ఎంత జాగ్రత్తపడినా, వారి తూటాలు ఎటు పోతున్నాయో తెలియకపోతే పిల్లలను అక్కడ నడిపించలేరు.

కృష్ణాతీరం:

కొంటే హద్దు గుర్తులు వెంటనే పెట్టించండి. అనుమతి లేకుండా లోపలికి రాకూడదనడానికి టెక్సస్‌లో ఊదా రంగు గుర్తులు చెల్లుతాయి. చెట్టు మీద గానీ స్తంభం మీద గానీ నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో వేయాలి. అడవి నేలలో రెండు గుర్తుల మధ్య 100 అడుగులు, తక్కిన చోట్ల 1,000 అడుగులు మించకూడదు. అయితే ఇవి బయటివారికి ఎంత ముఖ్యమో మీ పిల్లలకూ అంతే ముఖ్యం. మంచె మీద నుంచి చూస్తే తమ భూమి ఎక్కడ ముగుస్తుందో వారికి కనబడాలి.

గుండ్లకమ్మ:

వచ్చే శనివారం అందరం వెళ్తున్నాము. పిల్లలిద్దరికీ ఫీల్డ్ డే తరగతి పూర్తయింది, మా బావమరిది న్యాయవాదిని కలిసి వచ్చారు. ప్రతి మిట్టా ఎక్కి అవతల ఏముందో పిల్లలే పటం మీద గీయాలని నిర్ణయించాము. ఏటిగట్టు గారికి ఆ పటం ఇక్కడే పెట్టి చూపిస్తాను. నిన్న మా నాన్నగారికి ఫోనులో ఈ సంగతులన్నీ చెప్పాను. తుపాకి తనకు వద్దనీ, గేటు దగ్గరి పలక మాత్రం తానే చూసుకుంటాననీ అన్నారు. ఎవరు లోపలికి వెళ్ళారో, ఎవరు ఇంకా బయటికి రాలేదో రాసే పని ఆయనకే అప్పగించాము.